నెల రోజుల్లో నవల రాస్తున్నారా? ఒళ్లు జాగ్రత్త!

"ఇంకా 9 వేల మాటలున్నాయండీ డాక్టరు గారూ! సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు కదా?"

చేతికి సెలైన్ సూది గుచ్చి ఉండగా ఒకావిడ నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆవిడ వయసు 46. చిన్న పట్నంలో టీచరు. అయిదేళ్లుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. ఆ రోజు నవంబరు 24. బడికి సెలవు పెట్టారు. పొద్దున్నే మాత్ర వేసుకుని, "ఈ ఒక్క పేజీ అయ్యాక తింటాను" అని టిఫిను పక్కన పెట్టి రాయడానికి కూర్చున్నారు. పది గంటలకు లేచి వంటింట్లోకి వెళుతూ గుమ్మం దగ్గరే కూలబడిపోయారు. ఒళ్లంతా చెమటలు, మాట ముద్దముద్దగా ఉంది. భర్త ఆటోలో తీసుకొచ్చారు. చూస్తే రక్తంలో చక్కెర 48కి పడిపోయింది. గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి తేరుకున్నారు. తేరుకోగానే ఈ 9 వేల మాటల గొడవ!

"ఏం మాటలమ్మా?" అని నేను తెల్లబోతే, భర్త చెప్పారు. నెల రోజుల్లో 50 వేల మాటల నవల రాస్తానని ఆవిడ స్నేహితురాళ్లతో పందెం వేసుకున్నారట.

నవల రాయడానికీ ఆరోగ్య శీర్షికకూ ఏమిటి సంబంధం అని మీరు అనుకోవచ్చు. సంబంధం ఉంది. రాసేది మనసే అయినా, కుర్చీలో కూర్చునేది ఒళ్లే కదా!

ఏమిటీ పందెం?

1999 జులైలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే యువకుడు, అతని స్నేహితులు కలిపి 21 మంది, నెల రోజుల్లో తలా ఒక నవల రాయాలని కూర్చున్నారు. మరుసటి ఏడు ఈ సరదాను నవంబరుకు మార్చారు. దానికి నానోరైమో అని పేరు. న్యాయనిర్ణేతలు లేరు, నగదు బహుమతి లేదు. నవంబరు 30 అర్ధరాత్రిలోగా 50 వేల మాటలు పూర్తి చేసినవాళ్లందరూ గెలిచినట్టే. ఈ పద్ధతి దేశదేశాలకూ పాకింది. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది కాని, అలవాటు మూతపడలేదు. నలుగురు స్నేహితులు కలిసి తమలో తాము నెల గడువు పెట్టుకుని రాసుకోవడానికి సంస్థ ఎందుకు? కెనడాలోని వాంకూవరులో అయితే 1977లోనే మూడు రోజుల్లో నవల రాసే పోటీ మొదలైంది.

ఇది మనకు బొత్తిగా కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి నవలల పోటీలో అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'తో బహుమతి పంచుకున్న విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' 29 రోజుల్లో తయారైందని సాహిత్యలోకంలో ప్రతీతి. వారపత్రికల పోటీకి గడువు దగ్గర పడ్డాక, దస్తా కాగితాలు కొనుక్కొచ్చి రాత్రింబవళ్లు రాసినవాళ్లు మనలో ఎందరో!

వేగంగా రాయడంలో మంచి లేకపోలేదు. "బాగుంటుందో లేదో" అన్న భయంతో మొదటి పేజీనే ఇరవై సార్లు కొట్టేసే వాళ్లకు ఈ పందెం మందులా పని చేస్తుంది. కొట్టివేతలకు సమయం ఉండదు కనక కథ ముందుకు సాగుతుంది. కాబట్టి "మానేయండి" అని నేను చెప్పను. ఎలా రాయాలో చెబుతాను.

అసలు చిక్కు ఎక్కడుంది?

50 వేల మాటల్ని 30 రోజులకు పంచితే రోజుకు 1,667 మాటలు. గంటకు 600 మాటలు రాయగలిగితే రెండు గంటల ముప్పావు పని. ఇది ప్రమాదకరమైన శ్రమ కాదు. అయితే ఎవరు జబ్బు పడుతున్నారు? రోజూ రాసేవాళ్లు కాదు. నాలుగు రోజులు తప్పిపోయి, ఆ బాకీ తీర్చడానికి నిద్ర అమ్ముకునేవాళ్లు!

పైన చెప్పిన టీచరు గారి సంగతే చూడండి. 12వ తేదీకి ఆవిడ లెక్క ప్రకారమే 20 వేల మాటలు పూర్తి చేశారు. తర్వాత కార్తీక వనభోజనాలు, ఇంటికి చుట్టాలు. నాలుగు రోజులు కలం పట్టలేదు. ఆ మీదట బాకీ తీర్చడానికి రాత్రి రెండున్నర దాకా మేలుకున్నారు. పొద్దుటి నడక మానేశారు. కార్తీక సోమవారాల ఉపవాసం మాత్రం మానలేదు. నిద్ర లేదు, నడక లేదు, వేళకు తిండి లేదు. మాత్ర ఒక్కటే వేళకు పడింది. ఇక చక్కెర పడిపోక ఏమవుతుంది?

మీకు 20వ తేదీకి 20 వేల మాటలే అయ్యాయనుకోండి. మిగిలిన పది రోజుల్లో రోజుకు 3 వేలు రాయాలి. అంటే రోజుకు అయిదు గంటలు. ఉద్యోగం, వంట, పిల్లల చదువులు ఉన్న ఇంట్లో ఆ అయిదు గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? రాత్రి నుంచే. అందుచేత తప్పిపోయే రోజుల్ని మొదటే లెక్కలో వేసుకోండి. నెలలో అయిదు రోజులు సెలవు అని ముందే రాసి పెట్టుకుని, మిగిలిన 25 రోజులకు రోజుకు 2 వేల చొప్పున పెట్టుకుంటే 50 వేలు సరిపోతాయి. అంత తీరిక లేదంటారా? రోజుకు వెయ్యి చొప్పున 25 వేల మాటలే రాయండి. అదీ చిన్న నవలే.

తెలుగులో రాసేవాళ్లు మరో సంగతి గమనించాలి. 50 వేలు అన్నది ఇంగ్లీషు మాటల లెక్క. "చూడలేకపోయాను" అని మనం ఒక్క మాటలో అన్నదానికి ఇంగ్లీషులో నాలుగైదు మాటలు కావాలి. అదే కథ తెలుగులో చాలా తక్కువ మాటల్లో అయిపోతుంది. ఇంగ్లీషు వాడి అంకెను యథాతథంగా నెత్తిన పెట్టుకుని, వాడికంటే పెద్ద పుస్తకం రాస్తూ ఒళ్లు గుల్ల చేసుకోవడం ఎందుకు?

మొదలు పెట్టే ముందు

బెల్జియంలో పుట్టిన జార్జి సిమెనోన్ అపరాధ పరిశోధక నవలలకు ప్రసిద్ధుడు. ఒక్కో నవలను పదకొండు రోజుల్లో ముగించేవాడు. నవల మొదలు పెట్టేముందు వైద్యుణ్ణి పిలిచి రక్తపోటు చూపించుకునేవాడినని ఆయన 1955లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. నవల అయ్యాక వైద్యుడు మళ్లీ వచ్చి చూసేవాడట. ఇలా రాయడం ఫరవాలేదు కాని, మరీ తరచుగా పెట్టుకోవద్దన్నది ఆ వైద్యుడి సలహా. వందల కొద్దీ పుస్తకాలు రాసిన మనిషికే ఆ జాగ్రత్త అవసరమైంది. మొదటి నవల రాసే మనకు అక్కర్లేదా?

40 దాటినవాళ్లు, రక్తపోటు, మధుమేహం, థైరాయిడ్, మూర్ఛ, తలనొప్పుల బాధ ఉన్నవాళ్లు పందేనికి కూర్చోబోయే వారం ముందు ఒకసారి వైద్యుణ్ణి కలవండి. మాత్రలు నెలకు సరిపడా తెచ్చి పెట్టుకోండి. చత్వారం వచ్చిన వాళ్లు కళ్లద్దాలు సరిచూపించుకోండి. సరిపడని అద్దాలతో రోజుకు మూడు గంటలు రాస్తే వచ్చే తలనొప్పికి మాత్రలు మింగి లాభం లేదు.

నిద్రను తాకట్టు పెట్టకండి

పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. పగలు నేర్చినదాన్ని, చూసినదాన్ని మెదడు సర్దిపెట్టుకునేది నిద్రలోనే. రాత్రి రెండింటి దాకా మేలుకుని రాసిన పేజీల్ని మర్నాడు చదివి మీరే కొట్టేస్తారు. ఆ మాటలూ పోయాయి, నిద్రా పోయింది. స్కూటరు నడిపే వాళ్లయితే నిద్రమత్తులో ప్రాణానికే ముప్పు.

రాత్రి మేలుకునే బదులు తెల్లవారుజామున లేవడం మేలు. అయితే నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేవడం కూడా నిద్ర అమ్ముకోవడమే.

కాఫీ, టీల సంగతి

ఫ్రెంచి రచయిత బాల్జాక్ రాత్రుళ్లు కాఫీ మీద కాఫీ తాగుతూ రాసేవాడు. ఆయన 1850లో 51 ఏళ్లకే కన్నుమూశాడు. కాఫీయే చంపిందని నేను అనను కాని, ఆయన దినచర్య మాత్రం మనకు ఆదర్శం కాదు.

కాఫీలోని కెఫీన్ మనిషిని మేలుకొలుపుతుంది. అయితే ఒంట్లోంచి త్వరగా పోదు. సాయంత్రం అయిదింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదింటికి కూడా ఉంటుంది. "పడుకున్నా నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను" అనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ, టీలు మానండి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే అన్నంలో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటబట్టదు. రక్తహీనత ఉన్న స్త్రీలు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. గర్భిణులు కాఫీ, టీలు బాగా తగ్గించాలి. గుండె దడ, చేతుల వణుకు, కడుపులో మంట కనిపిస్తే కప్పులు ఎక్కువయ్యాయన్న మాట.

వేళకు తిండి

రాసే బల్ల మీద మిక్చరు పొట్లం పెట్టుకోకండి. కథ నడిచే కొద్దీ చెయ్యి దానంతటదే పొట్లంలోకి పోతుంది. నెల తిరిగేసరికి నవలతో పాటు పొట్టా పెరుగుతుంది. గుప్పెడు వేయించిన వేరుశనగలు, ఒక జామకాయ, గ్లాసు మజ్జిగ చాలు. పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకోండి. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని తాగడం మానేసే వాళ్లున్నారు. అలా లేవడమే మీ నడుముకు మంచిది!

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, చక్కెర బాగా పడిపోయేలా చేసే మాత్రలు వాడేవాళ్లు మందు వేసుకున్నాక భోజనం ఆలస్యం చేయకూడదు. నవంబరు మనకు చాలావరకు కార్తీకం. ఉపవాసం ఉండదలచుకుంటే మందు మోతాదు గురించి ముందుగా వైద్యుణ్ణి అడగండి. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తల తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పావుగంటకు తగ్గకపోతే మళ్లీ తాగండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం ఇంట్లోవాళ్లు నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

చెయ్యి, కళ్లు, నడుము

నెలలో రెండో వారం దాటాక నా దగ్గరకు వచ్చే వాళ్లు ఎక్కువగా చెప్పేది చేతి తిమ్మిరి. మణికట్టులోని ఇరుకు దారిలోంచి ఒక నరం వేళ్లకు వెళుతుంది. మణికట్టు వంచి గంటల తరబడి పని చేస్తే, అక్కడ వాపు వచ్చి ఆ నరం ఒత్తుకుపోవచ్చు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలుకు ఏమీ ఉండదు. ఇదే దాని గుర్తు. రాత్రి నిద్రలో మంటలు పుట్టి, లేచి చెయ్యి విదిలిస్తే హాయిగా ఉంటుంది. ఇది స్త్రీలలో ఎక్కువ. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లలో, గర్భిణులలో మరీ ఎక్కువ. తొలి దశలో మణికట్టుకు రాత్రిళ్లు పట్టీ కట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. నిర్లక్ష్యం చేస్తే బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోయి పట్టు తప్పుతుంది.

టైపు చేసేవాళ్లు మణికట్టు నిటారుగా ఉంచండి. చేత్తో రాసేవాళ్లు గట్టిగా నొక్కాల్సిన బాల్‌పెన్ను మాని, తేలికగా జారే లావుపాటి కలం వాడండి. చెయ్యి నొప్పి పుడితే ఆ రోజుకు నోటితో చెప్పండి. రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ 1866 అక్టోబరులో గడువు ముంచుకొస్తుంటే 'జూదరి' నవలను 26 రోజుల్లో అన్నా అనే స్టెనోగ్రాఫరుకు చెప్పి రాయించాడు. మరుసటి ఏడు ఆవిడనే పెళ్లాడాడు! ఈ రోజుల్లో స్టెనోగ్రాఫరు కూడా అక్కర్లేదు. మనం తెలుగులో చెబితే సెల్‌ఫోనే రాసిపెడుతుంది. తప్పులుంటే తర్వాత దిద్దుకోవచ్చు.

తెర చూస్తున్నంతసేపూ మనం రెప్పవేయడం తగ్గిస్తాం. అందుకే కళ్లు మండుతాయి, ఎర్రబడతాయి. ప్రతి 20 నిమిషాలకూ ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. పెరట్లో కొబ్బరి చెట్టో, ఎదురింటి డాబానో ఏదైనా సరే.

మంచం మీద బోర్లా పడుకుని రాయకండి. పాదాలు నేలకు ఆనాలి, నడుముకు వెనక ఆసరా ఉండాలి. కుర్చీ ఎత్తయితే కాళ్ల కింద పీట వేసుకోండి. ప్రతి అరగంటకూ లేచి నాలుగడుగులు వేయండి. కదలకుండా గంటల కొద్దీ కూర్చుంటే కాళ్లలోని పెద్ద సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే నూనె రాసి మర్దన చేయకండి. అదే రోజు వైద్యుడికి చూపించండి. దానితో పాటు ఆయాసం, గుండెలో నొప్పి వస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయవద్దు.

మనసు మాటేమిటి?

మొదటి నవలలో చాలామంది తమ కథే రాసుకుంటారు. పాత దుఃఖాలు పైకి వస్తాయి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని అతి బాధాకరమైన సంఘటనల గురించి రాయించి, ఫలితాలను 1986లో ప్రచురించాడు. రాసిన వెంటనే వాళ్లలో దిగులు పెరిగింది. కాని తర్వాతి నెలల్లో, జరిగిన సంగతితో పాటు తమ మనసులోని బాధ కూడా రాసినవాళ్లు జబ్బులకు వైద్యుడి దగ్గరకు వెళ్లడం తగ్గింది. గమనించండి, రోజుకు 15 నిమిషాలే. దుఃఖపు ఘట్టం రాసిన రోజున అక్కడితో ఆపి, లేచి నలుగురితో మాట్లాడండి. అర్ధరాత్రి ఒంటరిగా అలాంటి ఘట్టాలు రాయకండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. రెండు మూడు రాత్రులు సరిగా నిద్ర లేకపోయినా అలసట తెలియడం లేదా? మాటలు వరదలా వస్తున్నాయా? నా అంతవాడు లేడనిపిస్తోందా? ఉద్యోగం మానేయాలనీ, ఉన్న డబ్బంతా పెట్టి పుస్తకం అచ్చు వేయించాలనీ ఉందా? దీన్ని సరస్వతీ కటాక్షం అనుకోకండి. ఉన్మాదానికీ, దిగులుకూ మధ్య ఊగే మానసిక వ్యాధికి ఇది తొలి లక్షణం కావచ్చు. నిద్ర తప్పడమే ఆ వ్యాధిని తట్టి లేపుతుంది. ఇదివరకు ఆ జబ్బు వచ్చినవాళ్లు వేగం పందేల జోలికి పోకపోవడం మంచిది. పై లక్షణాలు ఇంట్లోవాళ్లే ముందు గుర్తుపడతారు కనక, పందెం సంగతి వాళ్లకు ముందుగా చెప్పి ఉంచండి.

ఇక పందెం ఓడిపోతే? పక్కవాళ్ల లెక్క చూసి కుమిలిపోయేవాళ్లుంటారు. గెలిచినవాళ్లకు కూడా డిసెంబరు మొదటి వారంలో ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. నాలుగు రోజుల్లో అది సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, తిండి, నిద్ర పాడయితే వైద్యుణ్ణి కలవండి. బతుకు మీద విరక్తి కలిగితే రెండు వారాలు ఆగవద్దు. ఆ రోజే చెప్పండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు.

చివరిగా ఒక మాట

ఆ టీచరు గారిని నేను ఆ సాయంత్రం ఇంటికి పంపలేదు. కొన్ని రకాల మాత్రల వల్ల చక్కెర ఒకసారి లేచినా మళ్లీ పడిపోతుంది. ఆ రాత్రి మా దగ్గరే ఉంచుకున్నాం. మర్నాడు వెళ్లేటప్పుడు చీటీలో మందులతో పాటు ఇంకో మూడు ముక్కలు రాసిచ్చాను. రాత్రి పదింటికి దీపం ఆర్పాలి. టిఫిను తిన్నాకే కలం పట్టాలి. రోజుకు 500 మాటలు మించరాదు.

"అయితే పందెం పోయినట్టేనండీ?" అన్నారావిడ.

"పోతే పోయింది లెండి" అన్నారు భర్త, ఆవిడ సంచీ అందుకుంటూ. "నువ్వుంటే నవల ఉంటుంది."

రోజుకు 500 చొప్పున 9 వేల మాటలకు 18 రోజులు పట్టాయి. డిసెంబరు 13న ఆవిడ నవల పూర్తయింది. గడువు దాటింది కనక పందెం ఓడినట్టే. కాని నవల చేతికొచ్చింది, చక్కెర అదుపులో ఉంది.

మీరూ రాయండి. తప్పకుండా రాయండి. అయితే ఇవాళ మిగిలిపోయిన మాటల్ని రేపు రాసుకోవచ్చు. ఇవాళ పోగొట్టుకున్న ఆరోగ్యాన్ని రేపు అంత సులువుగా రాబట్టుకోలేం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుని కలం పట్టండి.